ముందే పెట్టిన టోపీ

తెలుగువాళ్ళం టోపీని ఏనాడూ నమ్మలేదు. తలపాగాకి మర్యాద ఇచ్చేం, తలగుడ్డకి పని ఇచ్చేం, టోపీకి మాత్రం మోసం అనే అర్థం అంటగట్టి కూర్చున్నాం. "వాడు నాకు టోపీ పెట్టేడు" అని ఎవరైనా వాపోతే, "పోన్లెండి, ఎండ తగలకుండా ఉంటుంది" అని ఓదార్చం. ఎంత పోయిందని అడుగుతాం. మోసం మరీ పెద్దదైతే ఆ టోపీకి ఓ కుచ్చు కూడా తగిలిస్తాం. ఇంతకాలం ఈ పని చెయ్యడానికి ఎదటి మనిషికి కనీసం ఒక తల ఉండాల్సి వచ్చేది. ఇప్పుడా అవసరం కూడా తీరిపోయింది. టోపీ తయారు కాకుండానే, తల ఎవరిదో తేలకుండానే, కంప్యూటరు తెర మీద పెట్టేస్తున్నారు.

నేను దొంగల గురించి చెప్పడం లేదు సుమండీ. ఊరేగింపులకీ, పరుగులకీ, వార్షికోత్సవాలకీ పేరూ గుర్తూ వేసిన టోపీలు పంచడం ఇప్పుడు మామూలైపోయింది. మా బొబ్బిలి లాంటి ఊళ్ళో కూడా శాలువా తరవాత స్థానం టోపీదే. అవి కావాలని షాపుకి వెళ్తే గుడ్డ చూపించరు, దారం చూపించరు. మీ గుర్తు తీసుకుని, కంప్యూటర్లో అప్పటికే ఉన్న ఒక టోపీ ఫోటో మీద అతికించి, "ఇదిగో, మీ టోపీ ఇలా వస్తుంది" అని ఫోనుకి బొమ్మ పంపిస్తారు. దాన్ని మాకప్ అంటార్ట. మేకప్‌కి పినతల్లి కూతురు వరస అవుతుంది కాబోలు. చేసే పనిలో మాత్రం తేడా లేదు.

ఆ బొమ్మలో టోపీ పెట్టుకున్న పిల్లాణ్ణి మీరూ చూసే ఉంటారు. తెల్లటివాడు, సన్నటి దవడ, నుదుట చెమట చుక్క ఉండదు. జుట్టుకి నూనె రాసుకున్న జాడ ఉండదు. వెనక ఎండ ఉంటుంది గానీ అది వాడి మొహం మీద పడదు. ఏ దేశపు బిడ్డో ఏమో, సాలూరు సిమెంటు కంపెనీ వాళ్ళ టోపీ అయినా, రాజాం స్కూలు వార్షికోత్సవం టోపీ అయినా ఆ పిల్లాడి తలే అద్దెకి దొరుకుతుంది. వాడికి ఏది పెట్టినా బాగానే ఉంటుంది. ఆ మాటకొస్తే వాడికి మా ఇంట్లో అట్లపెనం బోర్లించినా బాగానే ఉంటుంది. దాన్ని చూసి మనం టోపీ బాగుందంటాం.

కిందటేడు ఆగస్టు 29న జరిగిన సంగతి చెప్తాను. ఆ రోజు గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. పంతులుగారు 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టేరు. మా ప్రాంతం మనిషి, వాడుక భాష కోసం పండితులందరితోనూ తగువులాడిన మనిషి. అందుకని మా వాళ్ళు కొందరు ఊళ్ళో ఊరేగింపు తియ్యాలనుకున్నారు. పిల్లలూ పెద్దలూ కలిపి రెండు వందల మంది. అందరికీ టోపీలు. టోపీ మీద పైన వీణ బొమ్మ, దాని కింద "బొబ్బిలి", ఆ కింద "తెలుగు భాషా దినోత్సవం".

వీణ దగ్గరికి రావడానికే వారం పట్టింది. కోట వెయ్యాలని ఒకరు, పులి వెయ్యాలని ఒకరు, తాండ్ర పాపారాయుడు లేనిదే బొబ్బిలి ఏమిటని ఇంకొకరు. తెర మీద అన్నీ వేసి చూసేరు. అక్కడ కాస్త ఖర్చయితే గదా ఆగడానికి! ఇక రంగు దగ్గర ఇంకో వారం. పసుపు వేస్తే సైకిలంటారు, నీలం వేస్తే ఫ్యానంటారు. ఎరుపంటే గాజు గ్లాసో, కొడవలో. కాషాయం సంగతి చెప్పక్కర్లేదు. మన రాష్ట్రంలో ఏ పార్టీకీ చెందని రంగు వెతకడం కన్నా, పెళ్ళిలో ఎవరూ అలగకుండా చూడటం తేలిక. చివరికి మీగడ రంగు దగ్గర రాజీ పడ్డారు. ఇన్ని రంగులు మార్చినా షాపు కుర్రాడు విసుక్కోలేదు. చిటికె వేసినట్టు మార్చి పంపించేడు. అంతవరకూ ఆ యంత్రానికి నమస్కారం పెట్టాల్సిందే.

నేనొక్కటే మాట అన్నాను. "ఒక్క టోపీ కుట్టించి తెప్పించండి, చేత్తో పట్టుకుని చూద్దాం" అని. కార్యదర్శి గారు నవ్వేరు. "ఇంకా ఆ కాలంలోనే ఉన్నారు మేడమ్‌గారూ! బొమ్మ అచ్చం టోపీలాగే ఉంది కదా" అన్నారు. అచ్చం టోపీలా ఉండటం వేరు, టోపీ అవడం వేరు అని చెప్పేలోపే ఫోన్లో బొటనవేళ్ళు లేచేయి. ఇరవై ముగ్గురు సభ్యులు, ఇరవై మూడు బొటనవేళ్ళు. ద్రోణాచార్యులవారికి కూడా ఇంత గురుదక్షిణ ముట్టలేదు.

టోపీలు ఇరవై ఎనిమిదో తారీకు సాయంత్రం వచ్చేయి. అట్టపెట్టె విప్పగానే మొట్టమొదట చదివింది ఏడో తరగతి పిల్ల. కూడబలుక్కుని చదివింది: "బొబ్... బిలి. తెలుగు భాషా దినోత్... సవం."

మీరు నవ్వుతున్నారేమో, నాకు మాత్రం ఒళ్ళు మండింది. మా వైపు "శ" నోట పలకని వాళ్ళు బోలెడుమంది. వాళ్ళకి "సవం" అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ముందు దినం, వెనక సవం! గిడుగు వారి పుట్టినరోజు పండక్కి రెండు వందల తలల మీద పెట్టించి ఊరంతా తిప్పబోయిన మాట ఇది.

ఎందుకిలా అయింది? తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరంలాగా వరసలో నిలబడే సిపాయి కాదు. ఒకటి పైనెక్కుతుంది, ఒకటి కిందికి దిగి కూర్చుంటుంది, గుడి చుట్టుకుంటుంది. "బ్బ" అని రాయాలంటే లోపల కంప్యూటరు బ, పొల్లు, ఇంకో బ అని మూడు ముక్కలుగా దాచుకుని, చూపించేటప్పుడు కలిపి ఒత్తుగా చూపించాలి. ఆ కలిపే ఏర్పాటు లేని సాఫ్ట్‌వేర్లో, ఉన్నా దాన్ని ఎంచుకోకపోతే, ముక్కలు ముక్కలుగానే ఉండిపోతాయి. ఫోటోషాప్‌లాంటి పేరున్న వాటిలో కూడా ఇదివరకు దక్షిణాసియా లిపుల కోసమని ఒక మీట విడిగా ఉండేది. అది నొక్కాలని తెలిసినవాడు నొక్కేవాడు. టోపీ బొమ్మలు తయారుచేసి అమ్మేవాళ్ళు ఇంగ్లీషు పేర్లు వేసి సరిచూసుకుంటారు తప్ప, బొబ్బిలి అని వేసి చూసుకుంటారా?

ఆ విరిగిన ఒత్తు బొమ్మలోనే ఉంది. ఇరవై మూడు బొటనవేళ్ళు దాన్ని చూస్తూనే లేచేయి. నేను దెబ్బలాడేది ఇక్కడే. తెర మీది బొమ్మ చదవనివ్వదు, చూడనిస్తుంది అంతే. నిగనిగలాడే అంచు, కింద పడిన నీడ, ఆ తెల్లబ్బాయి ధీమా చూసి "బ్రహ్మాండం" అంటాం. అదే మాటలు తెల్లకాయితం మీద రాసిచ్చి "సరిచూడండి" అంటే, ఆ సభ్యుల్లో ఉన్న నలుగురు తెలుగు మాష్టార్లూ ఎర్రసిరా కలం తీసి ఉండేవారు. పిల్లల దిద్దుబాట్లలో కొమ్ము వంకర పోతే మార్కు కోసే మహానుభావులు, ఫోన్లో బొమ్మ రాగానే సంతలో దిష్టిబొమ్మని చూసినట్టు చూసి ఊరుకున్నారు.

ఇంకో విచిత్రం వినండి. ఆరు ముక్కలు కలిపి కుట్టే టోపీకి నుదుటి మధ్యన నిలువుగా ఒక కుట్టు వస్తుంది. తెర మీద ఆ కుట్టు గీతలా కనిపిస్తుంది గానీ గుడ్డ మీద అది గట్టు. మా ఊరి పేరు సరిగ్గా ఆ గట్టు మీద పడింది. అటు బొబ్, ఇటు బిలి. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులు కోటని కూలగొట్టేయి గానీ ఊరి పేరు జోలికి రాలేకపోయేయి. అది కుట్టుమిషను చేసి పెట్టింది.

ఇక వీణ. తెర మీద ఏడు తీగలూ వేరువేరుగా కనిపించేయి. ఇరవై నాలుగు మెట్లూ లెక్క పెట్టుకోవచ్చు. టోపీ మీదికి వచ్చేసరికి అది పప్పుగరిటె. కుట్టేవాడి తప్పేమీ లేదు. తెర మీది గీతకి మందం లేకపోయినా ఫర్వాలేదు, దారానికి ఉంటుంది కదా! మామూలుగా వాడే ఎంబ్రాయిడరీ దారం వేసిన గీత సుమారు 0.4 మిల్లీమీటర్లుంటుంది. టోపీ నుదుటి మీద కుట్టడానికి దొరికే ఎత్తు రెండంగుళాల పైచిలుకు. అందులో వీణ, రెండు వరసల అక్షరాలు, వాటి కింద వేలాడే ఒత్తులు. అయిదు మిల్లీమీటర్ల కన్నా చిన్న అక్షరం కుట్టులో నిలవడం కష్టమని ఆ పని చేసేవాళ్ళే చెప్తారు. ఇంగ్లీషు వాడికి అక్షరమంతా ఒకటే ఎత్తు కాబట్టి సరిపోతుంది. మనకి అక్షరం ఏడు మిల్లీమీటర్లుంటే దాని కింది ఒత్తు మూడో నాలుగో. ఒత్తు బాగుపడి కలిసి వచ్చి ఉన్నా, దారంలో ముద్దయిపోయి ఈగ వాలినట్టుండేది. ఈ లెక్క బొమ్మ చెప్పదు. బొమ్మని ఫోన్లో రెండు వేళ్ళతో ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకోవచ్చు, తలని చేసుకోలేం.

మీగడ రంగు ఏమైందంటారా? వెలుతురుతో చేసిన రంగు వేరు, అద్దకంతో వచ్చిన రంగు వేరు. ఫోన్లో మీగడ, పెట్టెలో లేత పసుపు. వారం రోజులు ఏ పార్టీ వాసనా తగలకూడదని తిప్పలు పడ్డవాళ్ళు, చివరికి ఎవరి ఊరేగింపులో ఉన్నారో వాళ్ళకే తెలీకుండా పోయింది.

షాపుకి వెళ్ళి అడిగితే ఆ కుర్రాడు ఫోను తీసి చూపించేడు. "చూడండమ్మా, మీ వాళ్ళే ఓకే అన్నారు కదండీ." నిజమే, అన్నారు. బొమ్మ అసలు ఎందుకు పంపుతారో నాకప్పుడు బోధపడింది. మనకి చూపించడానికని మనం అనుకుంటాం. మనచేత ఒప్పించడానికని వాళ్ళకి తెలుసు. అది ఫోటో రూపంలో ఉన్న వేలిముద్ర కాయితం. కింద సన్నటి ఇంగ్లీషులో రంగులు కొంచెం తేడా రావచ్చునని కూడా రాసి ఉంటుంది. మీగడ పసుపైతే అది కొంచెమా, చాలానా అన్నది మళ్ళీ వాళ్ళ ఇష్టం.

పాతకాలంలో ఏముందని మీరడగొచ్చు. అప్పుడు బొమ్మా లేదు, గట్రా లేదు, ఆర్టిస్టు ఏం రాస్తే అది. నిజమే. మా ఊళ్ళో గోడల మీదా బేనర్ల మీదా కుంచెతో రాసిన ఆర్టిస్టుల్లో "శుభాకాంక్షలు"కి ఎక్కడ ఏ దీర్ఘం పెట్టాలో తెలియనివాళ్ళూ ఉండేవారు. కానీ వాళ్ళ చేతిలో ఒత్తు ఏనాడూ అక్షరాన్ని వదిలి పారిపోలేదు. కుంచె పట్టుకున్న మనిషి తెలుగు చదువుకున్న మనిషి కాబట్టి, చెయ్యి తనంతట తనే కిందికి దిగి ఒత్తు రాసేది. ఇప్పుడు రాసే చెయ్యికీ చదివే కన్నుకీ మధ్యన తెలుగు రాని యంత్రం ఒకటి వచ్చి కూర్చుంది. దాని వెనక కన్నొకటి కాపలా ఉండాలా, అక్కర్లేదా?

మా ఊరికి వీణ కొనడానికి వచ్చేవాళ్ళని చూడండి. గొల్లపల్లిలో పనసమాను దుంగ తొలిచి, ఒకే కర్రలో కుండా దండీ చెక్కుతారు. కొనేవాడు తీగ మీటి, మెట్టు మీద వేలు జరిపి, చెవి దగ్గర పెట్టుకుని విని మరీ తీసుకుంటాడు. కచేరీ వీణ ఫోటో చూసి ఓకే అనేవాడు ఇంకా పుట్టలేదు. సన్మానాల్లో ఇచ్చే బుల్లి బుల్లి వీణలని మాత్రం బొమ్మ చూసి వందలకి వందలు తెప్పించుకుంటారు. వాటిని ఎవరూ వాయించరు కదా, ఫర్వాలేదు. టోపీని కూడా మనం ఆ బుల్లి వీణల లెక్కలో వేసేసుకున్నాం. పంచినవాళ్ళు ఫోటో దిగితే చాలు, పెట్టుకున్నవాళ్ళ సంగతి అనవసరం.

అలా అనవసరమైతే టోపీ ఎందుకు? గాంధీ టోపీ సంగతి కాస్త గుర్తు చేసుకోండి. దాని రూపం తేల్చేముందు గాంధీగారు తలల గురించే ఆలోచించేరు. తెలుపైతే మాసింది కనిపిస్తుంది కాబట్టి ఉతుక్కుంటారు, మడతపెడితే జేబులో పడుతుంది, ఖద్దరు ముక్క కాబట్టి చవక. దాని మీద అక్షరం లేదు, గుర్తు లేదు. అయినా 1930లో ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో గుంటూరు జిల్లాలో ఆ టోపీ పెట్టుకోకూడదని తెల్లదొరలు నిషేధాజ్ఞలు జారీ చేసేరు. ఒక్క అక్షరం కుట్టకుండా ప్రభుత్వాన్ని భయపెట్టిన టోపీ అది. మన టోపీ నిండా అక్షరాలే, ఏడో తరగతి పిల్లని నవ్వించడానికి పనికొచ్చేయి.

ఊరేగింపు జరిగింది లెండి. కొందరు టోపీ వెనక్కి తిప్పి పెట్టుకున్నారు, వీపు చదువుకుంటుందని కాబోలు. పిల్లలకి రాత్రికి రాత్రి స్టిక్కర్లు అంటించేరు గానీ ఉక్కకీ చెమటకీ గాంధీ బొమ్మ సెంటరు దాటకుండానే ఊడిపోయేయి. రిటైరైన మాష్టారు ఒకరు, డెబ్భై దాటినవారు, టోపీ పెట్టుకోనన్నారు. "నేను నలభయ్యేళ్ళు ఒత్తులు దిద్దేను తల్లీ, దీన్ని నెత్తిమీద ఎలా పెట్టుకోను" అన్నారు. ఆయన వట్టి తలతో గంటన్నర ఎండలో నడిచేరు. ఇరవై మూడు బొటనవేళ్ళకీ ఆ తల కనిపించిందో లేదో నాకు తెలీదు.

అసలు ఆడవాళ్ళ తలల సంగతి ఎవరైనా అడిగేరా అంటే అదీ లేదు. రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టిన ఆడపిల్లకి ఆ టోపీ చెవుల మీద ఆగదు. ముడి వేసుకున్నవాళ్ళకి వెనక పట్టీ ముడి మీదికి ఎక్కి, ముందు రేకు ఆకాశం చూస్తుంది. మా పల్లెల్లో నాట్లకి వెళ్ళే ఆడవాళ్ళు తువ్వాలు మడతపెట్టి నెత్తిన వేసుకుంటారు. దానికి కొలత అక్కర్లేదు, చెమట తుడుచుకోవచ్చు, అన్నం మూట కట్టుకోవచ్చు. వానకి తాటాకు గిడుగులు వేసుకునే రోజుల్లో అది తల నుంచి వీపుదాకా కాచేది. మరి మనం పంచే టోపీలో నుదుటి దగ్గర స్పాంజి, లోపల పాలియస్టరు, పైన మన పేరు. ఎన్నికల్లో పంచిన పాత టోపీలు పెట్టుకుని ఉపాధి పనికి వెళ్ళే వాళ్ళని రోజూ చూస్తున్నాం. వాళ్ళకి దాని మీది గుర్తుతో పని లేదు, నీడతో పని. నీడ బొమ్మలో పడుతుందా?

నేనీ తెరలని తగలబెట్టమనడం లేదు. పది రంగులు గుడ్డ ఖర్చు లేకుండా మార్చి చూసుకోవచ్చు, విశాఖపట్నంలో కూర్చున్న దాత కూడా చూడొచ్చు. అది ఎంచుకోవడానికి పనికొస్తుంది. ఒప్పుకోవడానికి పనికిరాదు. ఒప్పుకునే ముందు అసలు గుడ్డ మీద, అసలు దారంతో, అసలు సైజులో ఒక్క టోపీ కుట్టించి, దాన్ని పెట్టుకోబోయే వాళ్ళలో ఒకరి తల మీద పెట్టి, పక్కనున్న పిల్లచేత పైకి చదివించాలి. "శాంపిల్ అంటే ఎవరూ డబ్బులివ్వరమ్మా, మాకు గిట్టదు" అన్నాడు షాపు కుర్రాడు. వాడన్నది న్యాయమే. ఒక్క టోపీ కోసం మిషనుకి కుట్లు నేర్పే ఫైలు తయారు చెయ్యాలి, దారాలు మార్చాలి, మనిషి కూర్చోవాలి. ఆ డబ్బు బిల్లులో మొదటి వరసలో రాయించండి, ఇచ్చేద్దాం. రెండు వందల టోపీలకి డబ్బున్న వాళ్ళకి రెండు వందల ఒకటో దానికి లేదంటే నేను నమ్మను. శాలువాల్లో ఒకటి తగ్గించుకుంటే సరి.

ఈమధ్య ఎవరో దాత మా వార్డు ఆశా కార్యకర్తలకి టోపీలిస్తానన్నార్ట. వేసవిలో ఇల్లిల్లూ తిరిగే వాళ్ళు, మంచి ఆలోచనే. బొమ్మ కూడా వచ్చేసింది. అదే తెల్లబ్బాయి, అదే దవడ, ఈసారి నెత్తిన దాతగారి నాన్నగారి పేరు. మా వీధికి వచ్చే అమ్మాయి ఫోను నా చేతికిచ్చి చూపించింది. ఎలాగుందే అన్నాను.

"ఈ బాబుకి బాగానే ఉందమ్మా. మా ముడి మీద దిగీదో నేదో సూసేరా ఎవులైనా?" అంది.